వల తిరగని మూల

కట్ట ఎక్కేముందు చెప్పులు విప్పి చేత్తో పట్టుకోండి. తై నెల మంచుకు తడిసిన నల్లరేగడి అరికాలికి అంటుకుందంటే వదలదు. చెప్పు దిగబడితే సగం పొద్దు దాన్ని పీక్కోవడానికే సరిపోతుంది. ఇంకా ఆరు కాలేదు. తూర్పున, వేంబారు సముద్రం వైపు, ఆకాశం బూడిదరంగుకు తిరిగింది. మిమ్మల్ని దింపిన బస్సు లైట్లు పుదూరు దారిలో మలుపు తిరిగి కనబడకుండా పోయాయి. కుడిపక్క పొలాల్లో మిరప, మినుము, జొన్న. ఎడమపక్క నీళ్ళు.

పొంగలి పండగ వెళ్ళి ఎక్కువ రోజులు కాలేదు, కమ్మాయి నిండుగా ఉంది. ఇక్కడ చెరువుని అందరూ కమ్మాయి అనే అంటారు, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళతో సహా. తూత్తుకుడి జిల్లా విళాత్తికుళం తాలూకా ఇది. పడమట కోవిల్పట్టి, ఉత్తరాన విరుదునగరం జిల్లా. పడమటి కనుమల్లో పుట్టిన వైప్పారు ఈ ఊరి పక్కనుంచే మన్నారు సింధుశాఖకు పోతుంది. పోతుందనడమే గానీ, ఏడాదిలో ఎక్కువ నెలలు అది ఇసుకే. 650 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే ఏటి వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు లోపు, ఈశాన్య రుతుపవనంతో వచ్చేస్తుంది. ఆ మూడు నెలల నీళ్ళతోనే మిగతా నెలలు గడవాలి, పైరుకైనా చేపకైనా.

తూము దగ్గర ఒక పెద్దాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. తలకు తువ్వాలు, చేతిలో వెదురుకర్ర, పక్కన కొబ్బరిచిప్పలో తడిమట్టి. మట్టిలో ఎర్రలు మెదులుతున్నాయి.

"ఎవురప్పా? ఏలం ఆళ్ళా?"

"కాదు తాతా, చాపలు చూసిపోదామని వచ్చినాము."

"చూసేదానికి ఏముండాది? నీళ్ళే మట్టి. కూర్చో. సద్దు చేయొద్దు."

ఈ తెలుగు మీకు కొత్తగా ఉందా? విజయనగర కాలం నుంచీ, ఆ తరవాతా తరాల తరబడి తెలుగు కుటుంబాలు ఈ కరిసల్ నేలకు, అంటే నల్లరేగడి సీమకు, తరలి వచ్చాయి. ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి పాలెగాళ్ళు తెలుగువాళ్ళు. కోవిల్పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఆ వలస కథనే తమిళంలో 'గోపల్ల గ్రామం' నవలగా రాశాడు, 1976లో. బడిలో తమిళం, బజారులో తమిళం, ఇంటికొస్తే ఈ యాస. కట్ట మీద గాలం వేసే మనిషి చేపతో ఏ భాషలో మాట్లాడతాడో మాత్రం ఎవరూ వినలేదు. ఎందుకంటే ఆయన మాట్లాడడు.

వెలుగు కాస్త పెరిగింది. నీళ్ళు చూడండి. పాలు ఎక్కువైన కాఫీ రంగు. వాన వెలిసి వారాలైనా తేటపడలేదు, పడదు కూడా. నల్లరేగడి బంకమన్ను రేణువులు ఎంత సన్నవంటే, నీళ్ళలో కలిస్తే నెలల తరబడి అడుక్కి దిగవు. చెయ్యి ముంచి చూడండి, మణికట్టు దిగేసరికి వేళ్ళు కనబడవు. వెలుతురు లోపలికి పోదు కాబట్టి నీటి పాచి సరిగా పెరగదు, పాచి తిని బతికే చేప ఒళ్ళు చేయదు. కంటితో మేత వెతుక్కునే చేపకు ఈ నీళ్ళు చీకటి గది. ఇక్కడ రాజ్యమంతా ముక్కూ మీసాలూ ఉన్నవాటిది.

అందుకే తాత గోధుమపిండి ఉండ జోలికి పోలేదు. ఎర్రను గుచ్చాడు. నైలాను దారం, చిన్న కొక్కెం, దానికి జానెడు పైన గోధుమగింజంత సీసం, ఇంకా పైన జొన్నదంటులోంచి చీల్చి తీసిన బెండు. ప్లాస్టిక్కు బెండ్లు కోవిల్పట్టి అంగళ్ళలో దొరుకుతాయి. జొన్నబెండు తేలిక, మీసం తగిలినా చెబుతుందని ఆయన నమ్మకం. నమ్మకమేనా అని మీరు చూస్తుండగానే బెండు రెండుసార్లు వణికి పక్కకి జారింది. మునగలేదు, జారిందంతే. ఆయన మణికట్టు కదిలింది. గట్టుమీద జానెడు చేప పడి కీచు కీచుమంటోంది. చేప అరవడం మీరెప్పుడైనా విన్నారా? జెల్ల అరుస్తుంది. మెడ పక్క ముల్లును దాని గూట్లో రాపాడించి చేసే చప్పుడు అది. తమిళంలో దీన్ని కెళుత్తి అంటారు. పట్టుకోబోకండి, వీపు మీద ఒకటి, పక్కలకు రెండు ముళ్ళు నిటారుగా నిలబెట్టి ఉంది. తాత దాన్ని కాలి బొటనవేలితో అదిమి, ముళ్ళ వెనకనుంచి రెండు వేళ్ళు పోనిచ్చి కొక్కెం ఊడదీశాడు.

"ఇది కుడితే మధ్యాహ్నం దాకా మంట. ఇంగిలాయి కుడితే రేపటిదాకా."

ఇంగిలాయి ఇంకా పెద్ద పోకిరి. నల్లగా, పొడుగ్గా, మీసాలతో బురద అడుగున తిరుగుతుంది. దాని పక్కముల్లులో విషం ఉంది. అయినా ఇంటికి తెస్తే బాలింతలకు మంచిదని వండిపెడతారు. రక్తం పట్టిస్తుందన్న పేరు దానిది.

పొద్దు ఎక్కుతోంది. తరవాతి అరగంటలో పరిగెలు తగులుతాయి, వేలెడంతవి, వెండిరంగువి. ఇవి లెక్కలోకి రావు, పులుసులోకి వస్తాయి. ఆ తరవాత వరసగా జిలేబీ. అదే, తిలాపియా. ముళ్ళ రెక్క విచ్చుకుని, బూడిదరంగులో, అరచేయంత. ఒకటి, ఇంకొకటి, మరొకటి. తాత ముఖంలో ఏ ఆనందమూ లేదు.

ఈ చేప ఇక్కడిది కాదు. ఆఫ్రికా నీళ్ళది. 1952లో సింహళం నుంచి మన దేశానికి తెచ్చారు, ఇక్కడికి తూర్పుగా తీరం వెంట పోతే వచ్చే మండపంలోని పరిశోధన కేంద్రానికి. పేదలకు చవకగా మాంసకృత్తులు అందించాలన్నది ఆలోచన. ఆలోచన తప్పనలేం. చేప మాత్రం ఆలోచన దగ్గర ఆగలేదు. ఆడచేప గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, పుట్టిన పిల్లలకు ఏ భయమొచ్చినా మళ్ళీ నోట్లో దాచుకుంటుంది. కొన్ని నెలల వయసుకే పిల్లల తల్లి. ఏడాదికి ఎన్నోసార్లు. ఏటి వరద అక్కర్లేదు, పారే నీరు అక్కర్లేదు, ఉప్పునీరైనా సరే. చెరువు కిక్కిరిసిపోతే పెరగడం మానేసి పిల్లల్ని కనడం మాత్రం సాగిస్తుంది. 1959 నాటికే దీన్ని కొత్త నీళ్ళలో వదలొద్దని కేంద్ర మత్స్య పరిశోధన సంఘం నిషేధం పెట్టింది. అప్పటికే తమిళనాడు చెరువులు దాని సొంతమైపోయాయి. ఏడేళ్ళు చాలింది.

గాలం వేసేవాడి లెక్కలో ఇది వింత పరిస్థితి. చెరువులో చేపలకు కరువు లేదు, గంటలో సంచి నిండుతుంది. కానీ వచ్చిందే వస్తుంది. చేపల సంఖ్య పెరిగి, గాలానికి దక్కే రకాలు తగ్గడమంటే ఇదే. తాత చిన్నప్పుడు ఇదే తూము దగ్గర వాలుగ పడిందని అంటాడు, చెయ్యంత పొడవుదని. చెయ్యంటే ఎక్కడిదాకా అని అడక్కండి, గాలంవాళ్ళ కొలతలు అన్ని దేశాల్లో ఒకే రకంగా ఉంటాయి.

మోపెడ్ చప్పుడు వినబడుతోందా? కావలి కుర్రాడు. వేలం పాడినవాళ్ళ మనిషి. కట్టమీద దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగాడు.

"ఏం తాతా, మా కట్లా పట్టేసినావా?"

"నీ కట్లా ఎర్రకు వస్తుందా మాప్ళే? వచ్చి చూడు, అంతా జిలేబీనే."

కుర్రాడు సంచిలోకి తొంగిచూసి, నవ్వి, రెండు మాటలు వాన గురించి మాట్లాడి వెళ్ళిపోయాడు. జనవరిలో ఇంతే. మార్చి దాటి నీళ్ళు మోకాళ్ళలోతుకు దిగితే ఇదే కుర్రాడు గాలం కర్రలు విరిచేస్తాడు.

ఇక్కడి చేపకు ఒక యజమాని ఉంటాడు, ఆ యజమానికి ఒక గడువు ఉంటుంది. నలభై హెక్టార్లకు మించి ఆయకట్టున్న కమ్మాయి జలవనరుల శాఖ చేతిలో, అంతకు తక్కువైతే పంచాయతీ యూనియన్ చేతిలో. చేప హక్కును ఫసలీ ఏడాదికి వేలం వేస్తారు. ఫసలీ అంటే జూలై 1 నుంచి జూన్ 30 దాకా. పాడినవాడు నవంబరు, డిసెంబరుల్లో కొత్త నీళ్ళు చేరగానే వేలెడంత పిల్లల్ని కొనితెచ్చి వదులుతాడు. కట్లా, రోహు, మృగాల. మనవైపు పేర్లలో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు. ఏప్రిల్, మే లోపు పట్టేయాలి. చేపకు దక్కేది అయిదారు నెలలు. ఈ మట్టినీళ్ళలో ఆ గడువుకు అరకిలో దాటిందంటే పాడినవాడికి మంచి ఏడాది.

ఇవి గంగా నది చేపలు. వీటికి ఒక మొండితనం ఉంది, నిలవనీళ్ళలో గుడ్లు పెట్టవు. ఏరు పొంగి పారితేనే పెడతాయి. అందుకే ఒకప్పుడు బెంగాలు నదుల్లో గుడ్లు ఏరి పిల్లల్ని రైళ్ళ మీద పంపేవారు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి చేపల పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి, వాటి చేత గుడ్లు పెట్టించాడు. ఆ తేదీనే ఇప్పుడు జాతీయ మత్స్య రైతు దినోత్సవం. మన కొల్లేరు గట్ల మీది చెరువులు, ఆకివీడు, కైకలూరు నుంచి దక్షిణాదికి మంచుపెట్టెల్లో పోయే లారీలు, ఈ కమ్మాయిలో డిసెంబరులో వదిలిన పిల్లలు, అన్నీ ఆ సూదిమందు సంతానమే. కానీ పట్టేశాక చెరువులో వాటి ఆనవాలు మిగలదు. మళ్ళీ కొనాలి, మళ్ళీ వదలాలి. వేలం చేప కౌలుదారు లాంటిది, పంట తీసుకుని పోతుంది. ఊరి చేప వేరు.

ఊరి చేప కావాలంటే లేవండి. తాత కర్ర భుజాన వేసుకున్నాడు, వెనకాలే నడవండి.

కట్ట దిగి నీటి అంచు వెంట పడమరకు. నీటికాకులు ఒక ఎండుమోడు మీద రెక్కలు ఆరేసుకున్నాయి. లోతు తక్కువ ఉన్నచోట ఎర్రకాళ్ళ కొంగలు ముక్కు తెరిచి నీళ్ళలో పెట్టుకుని నడుస్తున్నాయి, ఆ ముక్కుకు ఏదో తగిలిందా, టక్కున మూసుకుంటుంది. ఈ మట్టినీళ్ళలో వాటికీ కన్ను పనిచేయదు, తాకిడే దిక్కు. తిరునెల్వేలి జిల్లా కూందంకుళం ఊరివాళ్ళు తమ ఇళ్ళ చెట్లమీదే వీటిని గూళ్ళు పెట్టనిస్తారు. ఇక్కడివి తిండికి వచ్చిన చుట్టాలు.

అంచు ఇప్పుడు ముళ్ళకంపలోకి మళ్ళింది. సర్కారు తుమ్మ. తమిళంలో సీమై కరువేలం. మోచేతులు దగ్గరికి లాక్కోండి, చొక్కా జాగ్రత్త. ఈ తాలూకాలో ఎండిపోయిన నేలల నిండా ఇదే చెట్టు, దాన్ని కాల్చి బొగ్గు చేసి అమ్మడమే ఎన్నో కుటుంబాలకు బతుకుదెరువు. చెరువు కడుపులోకీ పాకింది. కమ్మాయిల నీళ్ళు పీల్చేస్తోందని, పక్కన ఏ మొక్కనీ బతకనివ్వదని దీనిమీద మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనంలో కేసులు నడిచాయి. కళింగపట్టి మనిషి, రాజకీయ నాయకుడు వైకో వేసిన పిటిషన్ కూడా వాటిలో ఉంది. 2017 ప్రాంతంలో కోర్టు ఆదేశాలతో జిల్లా జిల్లాలో యంత్రాలు పెట్టి పెకలించారు. పెకలించినచోట వేళ్ళనుంచి మళ్ళీ మొలిచింది.

ఆగండి. కదలొద్దు. అదిగో, కంప కొమ్మలు నీళ్ళలోకి వాలినచోట, నీటి పైన "గుబుక్" అని ఒక చప్పుడు. చిన్న సుడి, అంతే. ఊపిరి ఆడటానికి ఒక చేప పైకొచ్చి గాలి మింగి వెళ్ళింది.

కొర్రమీను. తమిళంలో విరాల్. తెలంగాణ తన రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నది దీన్నే. బజారులో కట్లాకు ఎన్నో రెట్లు ధర, అదీ ప్రాణంతో ఉంటేనే. తల పాము తలలా, ఒళ్ళు దుక్కలా. మొప్పలతో పాటు తలలో గాలి పీల్చుకునే అర ఒకటి ఉంది దానికి. నీళ్ళలో ప్రాణవాయువు తగ్గితే మిగతా చేపలు వెల్లకిలా తేలే రోజున ఇది నింపాదిగా పైకొచ్చి గాలి మింగి పోతుంది. చెరువు ఎండితే బురదలో దూరి తడి ఉన్నంతకాలం బతుకుతుంది. ఆరునెలల చెరువు కోసమే పుట్టిన చేప.

ఇంకా దగ్గరికి చూడండి, ఎడమవైపు, ఎండుగడ్డి తేలుతున్న దగ్గర. నీటి పైపొరలో ఇటుకరంగు మరక ఒకటి మెల్లగా కదులుతోంది. మరక కాదు, పిల్లలు. వందల పిల్లలు ముద్దగా, బియ్యపుగింజ కంటే కాస్త పెద్దవి, ఎర్రగా. అన్నీ ఒక్కసారి పైకొచ్చి గాలి మింగుతుంటే చినుకులు పడ్డట్టు నీళ్ళు చిటపటమంటాయి. వాటి కిందనే తల్లో తండ్రో కాపలా. గడ్డిని నోటితో తుంచి, గుండ్రంగా చోటు చేసి, గుడ్లు పెట్టిన రోజు నుంచి పిల్లలు తమంతట తాము వేటాడేదాకా కొన్ని వారాలు విడిచిపోవు. ఆ కొన్ని వారాల్లో ముద్ద మీద ఏది పడ్డా, కప్ప కానీ ఆకు కానీ వేలు కానీ, కొరికేస్తాయి. ఆకలితో కాదు, కోపంతో.

కొర్రమీను పట్టడానికి ఇంతకంటే తేలిక అదను లేదని మీకు అర్థమైపోయి ఉంటుంది. చిన్న కప్పను వీపు చర్మానికి గుచ్చి ఆ ఎర్రముద్ద మీదుగా లాగితే చాలు. పిల్లకాయలు చేసే పని అదే. తల్లీతండ్రీ గాలానికి పోయిన సాయంత్రానికి జిలేబీలూ కొంగలూ ఆ ముద్దను ఊడ్చేస్తాయి.

"వెయ్యవా తాతా?"

ఆయన బెండు సరిచేసుకుంటున్నాడు. "ఇప్పుడెందుకు? చిత్తిరైలో వస్తుందిలే, పిల్లలు పెద్దవైనాక."

చిత్తిరై దాకా, అంటే ఏప్రిల్ నడుమ దాకా, ఆగడం గాలంవాడికి సాధ్యం కావచ్చు. వలవాడికి గడువుంది. అయితే వలవాడు ఇక్కడికి రాలేడు. కంపలో వల తిరగదు, లాగితే చినుగుతుంది, వల ఖరీదు చేప ఖరీదును మించిపోతుంది. ఊరంతా తిట్టే ముళ్ళచెట్టు నీడలోనే ఊరి చేప మిగిలింది. నేను ఈ చెట్టు పక్షం వాదించడం లేదు. నీళ్ళ విషయంలో దాని మీద చెప్పిన నేరాలన్నీ నిజమే. కానీ పెకలించినవాళ్ళు, ఆ మూల ఏం చేస్తూ ఉండేదో చూసి పెకలించలేదు.

గాలం కథలు దొరలు కూడా రాసుకున్నారు. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెన్రీ సల్లివన్ థామస్ 1887లో మన దేశపు చెరువుల్లో గాలం వేయడం మీదనే ఒక పుస్తకం అచ్చువేశాడు, 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' అని. ఇరవై ఏళ్ళకు, 1907లో, ఫ్రెడరిక్ నికల్సన్ సారథ్యంలో మద్రాసు మత్స్యశాఖ మొదలైంది. అప్పటినుంచి ఇప్పటిదాకా చెరువు చేపను లెక్కపెట్టినవాళ్ళు ఎక్కువగా టన్నుల్లోనే లెక్కపెట్టారు. ఎన్ని రకాలు, ఏ మూల, ఎండాకాలంలో ఎక్కడ దాక్కుంటాయి అన్నది చాలావరకు తాతలాంటివాళ్ళ బుర్రల్లోనే ఉండిపోయింది.

చేప ఇక్కడికి ఎలా చేరుతుందో చూడాలంటే మీరు అక్టోబరు రాత్రి ఒకటి నిద్ర మానుకోవాలి. ఉరుములు మొదలైన రాత్రి. టార్చి తీసుకుని అలుగు దగ్గరికి రండి. మొదటి వాన నీళ్ళు వాగులోంచి ఎర్రగా, నురగతో దూకుతున్నాయి, ఆ నీళ్ళకు ఎదురు చేపలు ఎక్కుతున్నాయి. జెల్లలు, పరిగెలు, మట్టగిడసలు. మోకాటెత్తు రాయి అడ్డమైతే మట్టగిడసలు పక్కకి తిరిగి తడిగడ్డిలో పాకుతాయి. కొత్తనీళ్ళ వాసనకు గుడ్లు పెట్టాలన్న తొందర అన్నిటిదీ. అందుకే పై చెరువు అలుగు కింది చెరువుకు, కింది చెరువు అలుగు ఏటికి కలిసి ఉన్నంతకాలం విత్తనం కొనాల్సిన పని ఊరికి లేదు. ఒకదాని నీళ్ళు ఇంకొకదానికి పోయే గొలుసులో కట్టినవే ఈ చెరువులన్నీ. వాగు మీద రోడ్డు వేసి కింద గొట్టం పెట్టినచోట ఆ గొలుసు తెగింది. చేప గొట్టందాకా వచ్చి నిలిచిపోతుంది, అక్కడ సంచులతో మనుషులు ఉంటారు.

గొలుసు మరీ బలంగా కలిసిన ఏడాదీ ఉంది. 2023 డిసెంబరు 17, 18 తేదీల్లో ఈ జిల్లా మీద పడిన వానను ఎవరూ మరిచిపోలేదు. కాయల్పట్టణంలో 24 గంటల్లో 95 సెంటీమీటర్లు, మామూలుగా ఈ వైపు ఏడాదంతా కలిపినా రానంత. కట్టలు తెగాయి, ఊళ్ళు మునిగాయి, మనుషులు పోయారు, పశువులు పోయాయి. దాని పక్కన చేపల మాట చిన్నదే. అయినా చెప్పాలి. కట్ట తెగిన చెరువులో డిసెంబరులో వదిలిన పిల్ల మిగలదు. తొట్లలో పెంచుతున్నది బయటి నీళ్ళలో కలుస్తుంది. ప్రభుత్వం నిషేధించినా దొంగచాటుగా పెంచే ఆఫ్రికా మార్పుచేప తమిళనాడు చెరువుల్లో చాలాచోట్లకు ఇలాంటి వరదల దారినే పాకింది. దానికి జిలేబీ, జెల్ల, కొర్రమీను పిల్ల అన్న తేడా లేదు, నోట పట్టినదల్లా మేతే.

ఇక ఏప్రిల్ చివర, చిత్తిరై ఎండలో, ఇదే కట్ట మీదికి. ఇప్పుడు చెప్పులు వేసుకోండి, మట్టి పగుళ్ళిచ్చి అంచులు కోస్తున్నాయి. నీళ్ళు నడుమ గుంటలోకి కుంచించుకున్నాయి. పొద్దుటినుంచి వేలంవాళ్ళ వల మూడుసార్లు లాగారు. గంపల్లో కట్లాలు నోరు తెరుస్తున్నాయి, తూకం రాళ్ళ చప్పుడు, మంచు దంచుతున్న చప్పుడు, పైన గద్దలు. మధ్యాహ్నానికి పెద్ద వలలు ఎత్తేశాక మిగిలిన బురదనీళ్ళను ఊరికి వదిలేశారు. పిల్లలు, ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, అందరూ దిగారు. ఊతలు దిగాయి, వెదురుతో అల్లిన అడుగులేని గంపలు. బురదలో దభీమని ముంచి, పై కంతలోంచి చెయ్యి పెట్టి తడమాలి. మదురై, శివగంగ, పుదుక్కోట్టై పల్లెల్లో ఇది పెద్ద పండగ. ఊరి పెద్ద తెల్లటి తువ్వాలు ఊపితే చుట్టుపక్కల ఊళ్ళ జనం వేలకొద్దీ ఒక్కసారి దూకుతారు. పట్టిన చేప అమ్మరు, ఇంటింటా పులుసు కాస్తుంది, చుట్టాలకు పంచుతారు, అలా చేస్తే మరుసటేడు వాన తప్పదంటారు.

మీ చేతికి కూడా ఒక ఊత ఇచ్చారు. ముంచండి. లోపల ఏదో ఊతకు కొట్టుకుంటోంది. చెయ్యి పెట్టండి, నెమ్మదిగా, ముల్లున్నదేమో. నున్నగా ఉంది, గట్టిగా ఉంది, జారుతోంది. తల దొరికించుకోండి, నడుము కాదు తల! పోయింది. పక్కన ఒక చిన్నపిల్ల పడీ పడీ నవ్వుతోంది.

తాత బురదలోకి దిగలేదు. గట్టున కూర్చుని ఒక సంగతి చూపించాడు. పడమటి మూలన, ముళ్ళకంప ఉండినచోట, నేల చదునుగా ఉంది. చెట్లు తీసేశారు. పూడికమట్టి పొలాలకు తోలుకున్నారు, అది మంచిదే, నల్లమట్టికి చెరువు వండలి కలిస్తే పత్తి బాగా వస్తుంది. అయితే లోతుగా తవ్వాల్సిన నడుమ గుంటను వదిలి, లారీకి అందుబాటులో ఉన్న అంచుల్లోనే తవ్వారు. గుంట పూడిపోతూ ఉంది. మే నెలకు అది కూడా ఎండుతుంది. ఎండితే బురదలో దూరిన కొర్రమీనును గునపంతో తవ్వి తీస్తారు, ఆపేవాళ్ళు లేరు. అక్టోబరులో ఎదురెక్కడానికి ఆ చెరువులో ఏముంటుంది? జిలేబీ ఉంటుంది. అది ఎక్కడో ఒక కుంటలో ఎప్పుడూ ఉంటుంది.

తమిళనాడులో 39 వేల పైచిలుకు చెరువులున్నాయి. 2017లో కుడిమరామత్తు పేరుతో పూడికతీతకు ప్రభుత్వం డబ్బు పెట్టింది, ఊరివాళ్ళు తామే తమ చెరువును బాగుచేసుకునే పాత ఆచారం పేరది. కట్టలు, తూములు, అలుగులు ఆ లెక్కల్లో ఉన్నాయి. చేప దాక్కునే గుంట ఏ పద్దులోనూ లేదు. తూత్తుకుడిలో 1977 నుంచి మత్స్య కళాశాల ఉంది, గంటన్నర ప్రయాణం. ఆరునెలల చెరువుల్లో ఊరి చేపను ఎలా నిలపాలో చెప్పగల మనుషులు దూరంగా ఏమీ లేరు.

కావలసింది పెద్ద పథకం కాదు. పూడిక తీసేటప్పుడు నడుమ గుంటను మనిషెత్తు లోతు పెంచి, నరికిన సర్కారు తుమ్మ కంపనే మోపులు కట్టి అందులో దించాలి. దొంగవలలు పడకుండా చెరువులో కంప వేయడం మన పల్లెలకు తెలియని పని కాదు. బతికున్న ముళ్ళచెట్టు చెరువు నీళ్ళు తాగుతుంది, నరికి ముంచిన కొమ్మ తాగదు, వలను మాత్రం అంతే గట్టిగా ఆపుతుంది. వేలం షరతుల్లో రెండు వాక్యాలు చేర్చాలి: ఆ గుంట పాటలోకి రాదు, దానికోసం ఇంజను పెట్టి నీళ్ళు తోడరాదు. పిల్లల ముద్ద కనబడే నెలల్లో కప్ప గాలం వేయొద్దని ఊరే కట్టుబాటు పెట్టుకోవచ్చు, దానికి ఏ సర్కారు ఉత్తర్వూ అక్కర్లేదు. పాడేవాడికి దీనివల్ల వచ్చే నష్టం నాలుగు గంపలు. వచ్చే ఏటి కొర్రమీనుకు విత్తనం అక్కడే ఉంటుంది, దాన్ని డబ్బు పెట్టి కొనక్కర్లేదు.

కొత్త ఫసలీ జూలై 1న మొదలవుతుంది. వేలం షరతులు అంతకుముందే రాస్తారు. మీ ఊరి చెరువు పాటకు వచ్చినప్పుడు వెళ్ళి ఆ కాగితం ఒకసారి చదవండి, ఆ రెండు వాక్యాలు లేకపోతే రాయించండి.